పాఠకుల ప్రశ్నలు: ఏ క్యాసెట్ ఏ డెక్కులో వేయవచ్చు?

ప్రశ్న: మా నాన్నగారు 1980లలో దుబాయిలో పనిచేసేవారు. ఉత్తరాలకు బదులుగా తన మాటలు రికార్డు చేసి పంపిన క్యాసెట్లు మా ఇంట్లో చాలా ఉన్నాయి. కొన్నింటి మీద ‘టైప్ 2’ అనీ, రెండింటి మీద ‘మెటల్’ అనీ ఉంది. మా టూ ఇన్ వన్‌లో టేపు రకం మార్చే మీట లేదు. వీటిని అందులో వేస్తే టేపు గానీ, హెడ్డు గానీ పాడవుతుందా? – ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: పాడవదు, నిశ్చింతగా వేసుకోండి. రకం ఏదైనా క్యాసెట్ పెట్టె కొలతలు, 3.81 మిల్లీమీటర్ల టేపు వెడల్పు, సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగం ఒకటే. ఫిలిప్స్ 1963లో తెచ్చిన ఆ కొలతలకే తక్కిన కంపెనీలూ కట్టుబడ్డాయి. తేడా అంతా టేపుకు పూసిన పదార్థంలో ఉంది. నార్మల్ అని పిలిచే టైప్ 1లో ఐరన్ ఆక్సైడ్, క్రోమ్ అని పిలిచే టైప్ 2లో క్రోమియం డయాక్సైడ్ లేదా కోబాల్ట్ చేర్చిన ఐరన్ ఆక్సైడ్, మెటల్ అని పిలిచే టైప్ 4లో ఆక్సైడ్ కాని లోహపు రేణువులు ఉంటాయి. రెండు పొరల పూత ఉండే టైప్ 3ని 1973లో సోనీ తెచ్చింది గానీ అది ఎక్కువ కాలం నిలవలేదు, మీ పెట్టెలో ఉండే అవకాశం తక్కువ.

వినేటప్పుడు పట్టించుకోవలసింది ఈక్వలైజేషన్ ఒక్కటే, అంటే పై స్థాయి శబ్దాలను యంత్రం ఏ మేరకు సరిచేయాలనే లెక్క. టైప్ 1కు 120 మైక్రోసెకన్ల లెక్క, టైప్ 2కూ మెటల్‌కూ 70 మైక్రోసెకన్ల లెక్క వాడతారు. మీట లేని సెట్టు ప్రతి క్యాసెట్‌నూ 120 లెక్కనే వినిపిస్తుంది కాబట్టి, 70 లెక్కన నింపిన (రికార్డు చేసిన) టేపులో పై స్థాయి శబ్దాలు సుమారు నాలుగున్నర డెసిబెల్స్ పెరిగి, సకార షకారాలు చెవికి కొంచెం గీరుకుంటాయి, వెనక హిస్ (సన్నని బుస శబ్దం) కూడా ఎక్కువ వినబడుతుంది. ట్రెబుల్ కాస్త తగ్గిస్తే మాటలకు అంతకంటే ఏమీ అక్కరలేదు. డెక్కు మీద ‘క్రోమ్’ మీట మాత్రమే ఉన్నా మెటల్ క్యాసెట్ వినడానికి అదే సరిపోతుంది.

నా అనుభవంలో ఇటువంటి పాత రికార్డింగులను ఎక్కువగా చెడగొట్టేది టేపు రకం కాదు, హెడ్డు (టేపును తాకి శబ్దాన్ని చదివే భాగం) వాలు. రికార్డు చేసిన యంత్రంలో హెడ్డు ఉన్న వాలుకూ, వినిపించే యంత్రంలోని వాలుకూ కొద్దిపాటి తేడా వచ్చినా మాటలు గొంతుకు గుడ్డ అడ్డం పెట్టినట్టు మూగబోతాయి. హెడ్డు పక్కనున్న చిన్న స్క్రూను, క్యాసెట్ ఆడుతుండగానే, మాట తేటపడేవరకు అతి నెమ్మదిగా తిప్పించండి. అంతకంటే ముందు, ఎవరైనా పొరపాటున రికార్డు మీట నొక్కకుండా, క్యాసెట్ వెనక అంచులోని రెండు ప్లాస్టిక్ ముక్కలనూ విరిచేయండి.

ప్రశ్న: నా డెక్కులో నార్మల్, క్రోమ్ అనే రెండే స్థానాలు ఉన్నాయి. సీలు విప్పని మెటల్ క్యాసెట్లు కొన్ని నా చేతికి వచ్చాయి. క్రోమ్ స్థానంలో పెట్టి వాటిమీద రికార్డు చేసుకోవచ్చా? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: చేయకండి. వినడంలో ఉన్న వెసులుబాటు రికార్డింగులో లేదు. రికార్డు చేసేటప్పుడు డెక్కు సంగీతంతోపాటు, చెవికి వినబడని 100 కిలోహెర్ట్జ్ ప్రాంతపు విద్యుత్తును కూడా హెడ్డుకు పంపుతుంది. దీన్నే బయాస్ అంటారు. టేపు మీది రేణువులు సంగీతాన్ని వంకర లేకుండా పట్టుకోవడానికి ఇది అవసరం. క్రోమ్‌కు టైప్ 1 కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బయాస్ కావాలి, మెటల్‌కు అంతకంటే ఇంకా చాలా ఎక్కువ కావాలి. అంత శక్తిని మీ డెక్కు ఇవ్వలేదు. ఇచ్చినా పాత పర్మలాయ్ (నికెల్, ఇనుముల మిశ్రమం) హెడ్డు దాన్ని తట్టుకోలేక సంతృప్త స్థితికి చేరుతుంది. అందుకే 1979 ప్రాంతంలో మెటల్ టేపు బజారులోకి రాగానే కంపెనీలు సెండస్ట్ వంటి కొత్త మిశ్రమాలతో హెడ్లు తయారు చేయవలసి వచ్చింది. మీ డెక్కులో మెటల్ టేపు నింపితే శబ్దం పలచబడి, పదునుగా, వక్రంగా వస్తుంది. చెరిపే హెడ్డుకూ బలం చాలదు కనుక రెండోసారి రికార్డు చేసినప్పుడు మొదటి పాట అడుగున సన్నగా వినబడుతూనే ఉంటుంది.

క్రోమ్ టేపును నార్మల్‌లో పెట్టి నింపినా ఇదే లోపం కొంత తక్కువ మోతాదులో వస్తుంది. నార్మల్ టేపును క్రోమ్‌లో పెడితే బయాస్ ఎక్కువై పై స్వరాలు మొద్దుబారతాయి. సరైన స్థానంలో నింపిన మంచి టైప్ 1 క్యాసెట్, తప్పు స్థానంలో నింపిన ఖరీదైన మెటల్ క్యాసెట్ కంటే ఎప్పుడూ మేలే. మెటల్ క్యాసెట్ల తయారీ ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి, సీలు విప్పకుండా ఉంచితే తగిన డెక్కు ఉన్నవారు మంచి ధర ఇచ్చి కొనుక్కుంటారు.

ప్రశ్న: విదేశంలో కొన్న ఒక సంగీతం క్యాసెట్ మీద క్రోమ్ అని అచ్చయి ఉంది. కానీ నా డెక్కు దాన్ని నార్మల్ అని చూపిస్తోంది. డెక్కు చెడిందా? – ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: చెడలేదు. సంగీత కంపెనీలు చాలాసార్లు క్రోమ్ టేపునే వాడి, అందరి సెట్లలోనూ సరిగా వినబడాలని 120 మైక్రోసెకన్ల లెక్కనే నింపి, టైప్ 1 పెట్టెలో అమ్మేవి. అటువంటి క్యాసెట్‌ను నార్మల్‌లోనే వినాలి. పేరు చూసి క్రోమ్ మీట నొక్కితే ట్రెబుల్ పడిపోతుంది.

ప్రశ్న: క్యాసెట్ వెనక అంచులో విరిచిన ముక్కల స్థానంలో జిగురు టేపు అంటించి, క్రోమ్ క్యాసెట్ మీద మళ్లీ రికార్డు చేశాను. ఈసారి శబ్దం మునుపటిలా లేదు. కారణం ఏమిటి? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ డెక్కు టేపు రకాన్ని తనంతట తానే గుర్తించేది అయితే తప్పు బహుశా అంటించిన జిగురు టేపుదే. టైప్ 2 క్యాసెట్‌కు రికార్డు ముక్కల పక్కనే, లోపలి వైపున, మరో గంటు ఉంటుంది; డెక్కులోని చిన్న పుల్ల అందులోకి దిగితేనే అది క్రోమ్ అని యంత్రానికి తెలుస్తుంది. (మెటల్‌కు వీటితోపాటు అంచు నడుమ మరో జత గంట్లు ఉంటాయి.) మీరు పొడవైన ముక్క అంటించి రెండు కన్నాలనూ కలిపి మూసి ఉంటారు, డెక్కు దాన్ని టైప్ 1గా భావించి బయాస్ తగ్గించి ఉంటుంది. అంటించిన దాన్ని ఊడదీసి, బ్లేడుతో సన్నగా కోసిన ముక్కతో బయటి కన్నాన్ని మాత్రమే మూసి, మళ్లీ రికార్డు చేయండి.