అందరూ ‘సూపర్’ అంటున్నారు, డైరెక్షన్ కోర్సులో చేర్చమంటారా?

ప్రశ్న: మా అబ్బాయి బీఎస్సీ రెండో సంవత్సరం. ఫోన్‌తో 22 నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీశాడు. చూసినవాళ్లంతా సూపర్ అంటున్నారు. డిగ్రీ మానేసి హైదరాబాద్‌లో ఆరు నెలల డైరెక్షన్ కోర్సు చేస్తానంటున్నాడు. ఫీజు 3 లక్షలు. అది మంచిదా, పూణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూటా? – ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: మీరు అడిగింది కోర్సు గురించే. కానీ లోపల మీకున్న టెన్షన్, మావాడిలో నిజంగా సరుకుందా అని. ఇలా అడిగిన తల్లిదండ్రులను చాలామందినే చూశాను.

మీరు పంపిన సినిమా చూశాను. దామలచెరువు మామిడి మండీలో కథలోని కుర్రాడు తూకం చీటీని మడిచి చొక్కా జేబులో దాచుకుంటాడు. అందులో ఏముందో కనబడలేదు. ఆ తర్వాత తండ్రీ కొడుకులు ఎందుకు మాట్లాడుకోవడం లేదో నాకు అంతుపట్టలేదు. ఫోన్ చేసి అడిగితే, ‘బరువు తక్కువ రాశారు కదా సార్’ అన్నాడు మీవాడు. ఆ సంగతి అతని మనసులో ఉంది, తెర మీద లేదు.

మీ బంధువుల్లో ఒక్కరూ ఈ మాట ఎందుకు అనలేదు? మీరు పక్కనే నిలబడి ‘మావాడే తీశాడు’ అంటూ చూపించారు కాబట్టి. పెళ్లికూతురి తండ్రే వచ్చి భోజనం ఎలా ఉందని అడిగితే సాంబారులో ఉప్పు తగ్గిందని ఎవరు చెబుతారండీ? తప్పు వాళ్లది కాదు, మీదే.

అబ్బాయినీ, మిమ్మల్నీ ఎరగని నలుగురైదుగురికి ఆ సినిమా చూపించమనండి. ముందుగా కథ చెప్పకూడదు. ఎక్కడ ఫోన్ తీస్తున్నారో, ఎక్కడ కదులుతున్నారో గమనించాలి. అయ్యాక ‘ఎలా ఉంది?’ అని కాదు, ‘కథ చెప్పండి’ అని అడగాలి. ఎదురు వాదించకుండా రాసుకోవాలి. ముగ్గురు ఒకేచోట తడబడితే అక్కడ లోపం ఉన్నట్టే. అయితే వాళ్లు చెప్పే మందు వాడనక్కర్లేదు, నొప్పి ఎక్కడుందో తెలిస్తే చాలు. మార్చిన కాపీని మళ్లీ కొత్తవాళ్లకే చూపించాలి. పెద్ద సినిమాలు తీసేవాళ్లూ ఇదే చేస్తారు. గోవాలో కేంద్ర ప్రభుత్వ సినిమా సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీ నడిపే సినిమా సంత ‘వేవ్స్ ఫిల్మ్ బజార్’లో, ఇంకా పూర్తికాని సినిమాలను అనుభవజ్ఞులకు చూపించి సలహాలు ఇప్పించే ల్యాబ్ ఉంది.

ఆరు నెలల కోర్సుల మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. కెమెరా, ఎడిటింగ్ నేర్పుతారు, సరే. మీ పిల్లవాడు సొంతంగా ఎన్ని సినిమాలు తీస్తాడు, పక్కన కూర్చుని తప్పులు చెప్పేదెవరు? ఈ రెండింటికీ సూటిగా జవాబు రాకపోతే డబ్బు కట్టకండి. ‘ఇండస్ట్రీ పరిచయాలు’ అనే మాటకు అసలు పడిపోకండి. పూణెలో డైరెక్షన్ మూడేళ్ల కోర్సు, దానికి డిగ్రీ ఉండాలి. కోల్‌కతాలోని సత్యజిత్ రే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లోనూ అంతే. ఇప్పుడు చదువు మానేస్తే ఆ దారులు మనమే మూసుకున్నట్టు.

మీరు మరీ దిగులుపడకండి. కిందపడిన బెంగళూరా మామిడికాయను ఆ ముసలాయన పంచెతో తుడిచి గంపలో పెట్టే షాట్ ఉంది చూశారా, దాన్ని మీవాడికి ఎవరూ నేర్పలేదు. ఆ కన్ను ఉన్నవాడికి రెండేళ్లు ఆగినా నష్టం లేదు.

ఈ ఆదివారమే కొత్తవాళ్లను కూర్చోబెట్టి చూపించమనండి. మీరు మాత్రం ఆ గదిలో ఉండకండి.