పెనిన్నా నోట ఒక్క మాటా లేదు

చెల్లెమ్మా,

బైబిల్లోని పిల్లల్లేని హన్నా మీద నువ్వు రాసిన కథ చదివాను. భాష బాగుంది. ఆమె సవతి పెనిన్నా మాత్రం టీవీ సీరియల్ సవతిలా తయారైంది. సమూయేలు మొదటి గ్రంథం మొదటి అధ్యాయం మళ్ళీ తెరిచి చూడు, ఆమె నోట ఒక్క మాటా ఉండదు. ఏటేటా హన్నాను విసిగించి ఏడిపించేదని మాత్రమే ఉంటుంది. నువ్వేమో రెండు పేజీల శాపనార్థాలు పెట్టించావు. తీసెయ్.

ఆ ఇంటి తగువంతా మాంసం పంపకంలోనే ఉంది. షిలోహు మందిరంలో బలి అర్పించాక పెనిన్నాకూ ఆమె కొడుకులకూ కూతుళ్ళకూ వాళ్ళిద్దరి మొగుడు ఎల్కానా పాళ్ళు పెడతాడు. హన్నాకు మాత్రం రెండు పాళ్ళు, ప్రేమ కొద్దీ. పిల్లల్ని కన్నది ఒకరు, మొగుడి మనసు ఇంకొకరి మీద. ఆ పంపకాన్ని పెనిన్నా కూర్చున్న చోటునుంచి చూపించు. ఆమె ఎందుకు పొడుస్తుందో ఇక వేరే చెప్పక్కర్లేదు. పదిమంది కొడుకులకన్నా నేను మేలు కానా అని ఎల్కానా అడిగితే హన్నా బదులు పలకదు. నువ్వూ పలికించకు.

బిడ్డ కోసం హన్నా చేసిన ప్రార్థన దగ్గర పెద్ద పొరపాటే చేశావు. నీ హన్నా గుండెలు బాదుకుంటూ కేకలు పెట్టింది. మరి అక్కడి పూజారి ఏలీకి ఆమె తాగి ఉందన్న అనుమానం ఎలా వస్తుంది? మూలంలో ఆమె ఏడుస్తుంది గానీ గొంతు వినబడదు, పెదవులే కదులుతాయి. పైగా అందరూ తిని, తాగి లేచిన వేళ. గుమ్మం దగ్గర కూర్చున్న యాజకుడు పొరబడింది అందుకే. (సొంత కొడుకులు మూడు ముళ్ళ కొంకితో జనం బలిమాంసం లాక్కుంటుంటే ఆపలేనివాడు ఈమెను మందలించడానికి తయారు!) అన్నట్టు, యెరూషలేము ఆలయం తీసెయ్, అది సొలొమోను కాలానిది.

బిడ్డ పుట్టడంతో కథ ముగించావు. నేనైతే 18వ వచనం దగ్గరే ఆపుతాను. ఆమె ఏం కోరుకుందో కూడా తెలియకుండానే ఏలీ సమాధానంగా వెళ్ళమంటాడు. ఆమె వెళ్ళి అన్నం తింటుంది, ముఖంలో దుఃఖం ఉండదు. అప్పటికింకా గర్భం లేదు. విశ్వాసం కనిపించేది అక్కడ. బిడ్డే ఋజువన్నట్టు రాస్తే, పిల్లల్లేక ఏళ్ళతరబడి ప్రార్థిస్తున్న పాఠకురాలిని నీ నమ్మకం చాలలేదని తిట్టినట్టే. దావీదు భార్య మీకాలు చనిపోయేదాకా పిల్లల్ని కనలేదని చెప్పిందీ ఆ బైబిలే.

తర్వాత యాకోబు భార్యలైన అక్కచెల్లెళ్ళు లేయా, రాహేలుల మీద రాస్తానన్నావు కదా, ఆదికాండం 30లోని పుత్రదాత వృక్షపు పండ్ల (తింటే పిల్లలు పుడతారని నమ్మిన పండ్లు) బేరంతో మొదలుపెట్టు. రాహేలు లేయా దగ్గర పండ్లు పుచ్చుకుని ఆ రాత్రికి యాకోబును అక్కకు వదిలేసింది. గర్భం మాత్రం లేయాకే వచ్చింది: ఇశ్శాఖారు, తర్వాత జెబూలూను, ఆపైన దీనా. యోసేపు ఆ తర్వాతే. ఈ వరస తప్పితే అందులోని వెటకారమంతా పోతుంది కాబట్టి, రాసేముందు కాన్పుల పట్టీ ఒకటి వేసుకుని ఎదురుగా పెట్టుకో. అందులో దాను, నఫ్తాలి రాహేలు దాసి బిల్హా కన్నవాళ్ళు, గాదు, ఆషేరు లేయా దాసి జిల్పా కన్నవాళ్ళు. ఆ దాసీలిద్దరినీ నీకిష్టమేనా అని అడిగినవాళ్ళు లేరు. కథలో వాళ్ళకీ చోటు పెట్టు.

మీ అక్కయ్య