తమ్ముడు చెప్పిన మాట అమ్మకు చెప్పాలా?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఎంఏ సోషియాలజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఆన్‌లైన్ గేములు ఆడేవాళ్ల స్నేహాలు, సామాజిక జీవితం ఎలా ఉంటాయన్నదే నా ప్రాజెక్టు. మూడేళ్ల కింద మేం హనుమకొండ నుంచి నిజాంపేటకు వచ్చేశాం. తమ్ముడికి 19 ఏళ్లు, బీటెక్ రెండో సంవత్సరం. రాత్రి పదింటికి ఫోన్‌లో బీజీఎంఐ (నలుగురు జట్టుగా, అంటే స్క్వాడ్‌గా, ఆడే షూటింగ్ గేము) మొదలుపెడితే ఒంటిగంట దాకా ఆడతాడు. వాడినీ, వాడితో స్క్వాడ్ ఆడే ముగ్గురు హనుమకొండ ఫ్రెండ్స్‌నీ ప్రాజెక్టు కోసం ఇంటర్వ్యూ చేశాను. వివరాలు ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. తమ్ముడు రెండు సంగతులు చెప్పాడు. కాలేజీలో వాడికి ఒక్క ఫ్రెండ్ కూడా లేడట. నిరుడు డబ్బులు పెట్టి ఆడే ఏదో యాప్‌లో పోగొట్టుకుని, స్నేహితుడి దగ్గర 15 వేలు అప్పు చేశాడట. ‘వాడు నీకేం చెప్పాడు’ అని అమ్మ రోజూ అడుగుతోంది. ‘గేములు మంచివి కావని నీ రిసెర్చ్‌లో తేలిందని వాడికి చెప్పు, నీ మాటైతే వింటాడు’ అని నాన్న అంటున్నారు. వాడు గేముకు బానిసయ్యాడా? నేనేం చేయాలి?
- ఒక అక్క, నిజాంపేట

జవాబు: మీ తమ్ముడు ఆ రోజు మాట్లాడింది ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థితోనా, అక్కతోనా? నాకైతే అక్కతోనే అనిపిస్తోంది. కాలేజీలో తోడు లేదని, అప్పు చేశానని 19 ఏళ్ల కుర్రాడు ముక్కూమొహం తెలియని మనిషికి అంత తేలిగ్గా చెప్పడు. ఇంట్లో ఎవరికో ఒకరికి చెప్పుకోవాలని వాడికి ఉంది. మీ ప్రాజెక్టు వంకతో చెప్పుకున్నాడు. ఇప్పుడు వాడికి అక్క కావాలి. అందుకే వాడి ఇంటర్వ్యూను ప్రాజెక్టులోంచి తీసేయండి. చదువు పరంగా చూసినా అదే సరైన పని. సొంత అక్క వచ్చి అడిగితే ‘నేను మాట్లాడను’ అనే వీలు తమ్ముడికి ఎక్కడుంటుంది? నలుగురే ఉన్న స్క్వాడ్‌లో పేర్లు మార్చినా లాభం లేదు. ఏ మాట ఎవరన్నారో మిగతా ముగ్గురికీ ఇట్టే తెలిసిపోతుంది. కాబట్టి ఆ ముగ్గురి ఇంటర్వ్యూల సంగతి కూడా గైడ్‌తో మాట్లాడాలి.

ఇక అమ్మ. ఆమె అడగడంలో తప్పు లేదు, కానీ మీరు చెప్పకూడదు. ఒకసారి వాడి మాట మీ నోటి నుంచి బయటికొస్తే మళ్లీ మీకేమీ చెప్పడు. అప్పుడు వాడికి ఇంట్లో మాట్లాడే మనిషే ఉండరు. ‘అమ్మా, వాడు నన్ను నమ్మి చెప్పాడు. నీకు తెలియాల్సింది వాడితోనే చెప్పిస్తాను, కొన్ని రోజులు ఆగు’ అనండి. ఆమెకు కోపం రావచ్చు, రానివ్వండి. అయితే ఈ గోప్యతకు ఒక హద్దుంది. మళ్లీ అప్పు చేసినా, ఎవరైనా బెదిరిస్తున్నా, చచ్చిపోవాలనిపిస్తోందని వాడు ఒక్కసారి అన్నా ఆ రోజే అమ్మానాన్నలకు చెప్పేస్తారు. ఆ సంగతి వాడికి ముందే తెలియాలి.

మీ ఉత్తరంలో బీజీఎంఐ, డబ్బు పోయిన యాప్ రెండూ ‘గేములు’ అన్న ఒకే మూటలో ఉన్నాయి. వాటిని విడదీసి చూడండి. మొదటిది నలుగురు కలిసి ఆడే ఆట. రెండోది జూదం. డబ్బు పందెంగా పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా వాటిని అడ్డుకుంటోంది. ఈ-స్పోర్ట్స్‌ను (పోటీలుగా జరిగే వీడియో గేములను), డబ్బు పెట్టని సోషల్ గేములను మాత్రం అదే చట్టం ప్రోత్సహిస్తోంది. కేంద్రం తెచ్చిన ఈ చట్టంలో శిక్షలు ఆ యాప్‌లను నడిపేవాళ్లకు, ప్రకటనలిచ్చేవాళ్లకు, డబ్బు లావాదేవీలు జరిపేవాళ్లకు. ఆడి నష్టపోయినవాళ్లకు కాదు. ఇది మీ తమ్ముడికి చెప్పండి. నాన్నకు తెలిస్తే పోలీసుల దాకా పోతుందేమోనన్న భయం ఉంటే కొంత తగ్గుతుంది.

తర్వాత రెండే అడగండి: ఇప్పటికీ ఏ రూపంలోనైనా ఆడుతున్నాడా? స్నేహితుడి దగ్గర కాక ఏదైనా లోన్ యాప్‌లో కూడా తీసుకున్నాడా? ఉత్త స్నేహితుడి అప్పే అయితే అది ఇంట్లో తేల్చుకోగలిగిన విషయం. లోన్ యాప్ ఉండి వాళ్లు ఫోన్‌లో బెదిరిస్తుంటే సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేయాలి. నాన్నతో వాడే చెప్పాలి, మీరు పక్కన కూర్చోండి. మొత్తాన్ని మీరు గుట్టుగా తీర్చేయకండి. అక్కలు చాలామంది చేసే పని అదే. మళ్లీ అప్పు పుట్టేదీ అక్కడే.

స్క్వాడ్ దగ్గరికొద్దాం. వాడు రాత్రిళ్లు ఆడుతున్నది ఎవరితో? బడి రోజుల నుంచీ ఉన్న స్నేహితులతో. ఆన్‌లైన్ గేములు ఇల్లూ ఆఫీసూ కాని మూడో చోటులా, మన ఇరానీ హోటల్‌లా, పనిచేస్తాయని అమెరికా పరిశోధకులు స్టైన్‌కూలర్, విలియమ్స్ 2006లో రాశారు. రకరకాల మనుషులతో పరిచయాలకు అవి బాగా ఉపయోగపడతాయి కానీ కష్టంలో ఆదుకునేంత గాఢమైన బంధాలను మామూలుగా ఇవ్వవన్నది వాళ్ల అభిప్రాయం. మీ తమ్ముడి విషయం వేరు. ఇక్కడ స్నేహం ముందునుంచీ ఉంది. ఊరు మారాక దాన్ని నిలబెట్టింది గేము. ఆ మూడు గంటలూ తీసేస్తే వాడికి ఉన్న ముగ్గురూ పోతారు. అలాగని అంతా బాగుందని కాదు. ఒంటిగంటకు పడుకున్నవాడు పొద్దున్న మొదటి క్లాసుకు అందుకోలేడు. కొత్త పరిచయాలు ఏర్పడేది ఆ క్లాసుల్లో, క్యాంటీన్‌లో, కాలేజీ బస్సులో. ఒంటరివాడు కనుక ఆడుతున్నాడా, ఆడుతున్నాడు కనుక ఒంటరయ్యాడా? రెండూ ఒకదాన్నొకటి పెంచుతాయి. ఒకేసారి చేసిన సర్వేతో ఏది ముందో తేలదని మీకు నేను చెప్పక్కర్లేదు.

నాన్న చెప్పమన్న మాట మాత్రం చెప్పకండి, అది నిజం కాదు. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2022లో దాదాపు 39 వేల మంది ఎంతసేపు ఆడారో గేము కంపెనీల దగ్గరి లెక్కలు తీసుకుని చూశారు. ఆడిన సమయానికీ వాళ్ల మనసు బాగుండటానికీ చెప్పుకోదగ్గ సంబంధం కనబడలేదు. ఇష్టంతో ఆడుతున్నారా, ఆడక తప్పదనిపించి ఆడుతున్నారా అన్నదానికే ఎక్కువ సంబంధం కనిపించింది. మీ ప్రశ్నాపత్రంలో ‘రోజుకు ఎన్ని గంటలు’ అన్నది మొదటి ప్రశ్నగా ఉంటే దాన్ని కిందికి దించండి. ఎవరితో, ఎందుకు, దానివల్ల ఏది వదులుకుంటున్నారు అన్నవి పైకి తెండి.

బానిసయ్యాడా అని అడిగారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణలో 2022 నుంచి గేమింగ్ డిజార్డర్ అమల్లో ఉంది. ఆపుకోలేకపోవడం, మిగతా అన్నిటికన్నా గేమే ముఖ్యమైపోవడం, నష్టం కనబడుతున్నా కొనసాగించడం, ఇవి మామూలుగా ఏడాది పాటు ఉండి చదువో పనో ఇల్లో బాగా దెబ్బతింటేనే ఆ మాట వాడతారు. వాడి అటెండెన్స్, బ్యాక్‌లాగ్‌లు చూడండి. అవి పడిపోతుంటే ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలోనో, ఎవరైనా సైకాలజిస్టుకో చూపించొచ్చు. ముందు ఫోన్‌లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉచితం, తెలుగులో మాట్లాడతారు. డాక్టరు చెప్పకముందే ఇంట్లో ఆ పేరు పెట్టి పిలవకండి.

అమ్మతో ఒక చిన్న ఒప్పందం చేయించండి: ఆమె రాత్రి వైఫై కట్టేస్తుంటే అది మానేయాలి. మ్యాచ్ అరగంట నడుస్తుంది. మధ్యలో తెగిపోతే వాడి పరువు పోయేది స్నేహితుల ముందు. ఆ కోపం తెల్లారి ఇంట్లో బయటపడుతుంది. దానికి బదులు ‘ఇది ఎన్నో మ్యాచ్, ఏది ఆఖరిది’ అని పదకొండింటికి అడగమనండి. పాపం, తలుపు బయటి నుంచి ఆమెకు వినబడేది వీడి అరుపులే. అవతలి ముగ్గురి నవ్వులు హెడ్‌సెట్‌లోనే ఉండిపోతాయి. ఇరవై ఏళ్ల కింద ఇంటర్నెట్ సెంటర్లలో కౌంటర్ స్ట్రైక్ ఆడిన కుర్రాళ్లు పక్కపక్కన కూర్చుని, అయిపోయాక కలిసి చాయ్‌కి వెళ్లేవాళ్లు. వాళ్లనూ తిట్టారనుకోండి, కానీ ఎవరితో తిరుగుతున్నారో కనబడేది. ఆ ముగ్గురినీ ఒకసారి ఇంటికి పిలవండి, లేదా వాడినే కాజీపేట రైలెక్కించి పంపండి. క్లాసులో బీజీఎంఐ ఆడేవాళ్లు ఒకరిద్దరైనా ఉంటారు. వారానికి ఒక రాత్రి వాళ్లలో ఒకరిని స్క్వాడ్‌లోకి తెమ్మని అడగండి. ‘ఫ్రెండ్స్‌ను చేసుకో’ అని చెప్పడంకన్నా ఇది వాడికి తేలిక.

గైడ్‌ను ఈ వారమే కలవండి. నలుగురు తగ్గితే కొత్తవాళ్లను వెతుక్కోవడానికి టైమ్ కావాలి. సబ్మిషన్ ముందు చెబితే ఆయన కూడా ఏమీ చేయలేరు.