మనకు ‘నుంచి’ ఒక్కటే, ఇంగ్లిషుకు రెండు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఇంగ్లిషు కథ రెండుసార్లు చదివాను. మీ నాయనమ్మ నా కళ్లకు కట్టింది. అయితే మొదటి పేజీలోనే ‘షి ఈజ్ లివింగ్ హియర్ సిన్స్ ఫార్టీ ఇయర్స్’ అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. ‘నలభై ఏళ్ల నుంచి ఉంటోంది’ అన్నా, ‘1984 నుంచి ఉంటోంది’ అన్నా మనకు ‘నుంచి’ ఒక్కటే సరిపోతుంది. ఇంగ్లిషులో మాత్రం మొదలైన సమయం చెబితే ‘సిన్స్’, గడిచిన నిడివి చెబితే ‘ఫర్’ వాడాలి. క్రియ సంగతీ అంతే. అప్పుడెప్పుడో మొదలై నేటికీ సాగుతున్న పనిని మన ‘ఉంటోంది’ చెప్పగలదు కాని ‘ఈజ్ లివింగ్’ చెప్పలేదు. అక్కడ ‘హాజ్ బీన్ లివింగ్’ అనాలి.

‘చూశాను’ ఇంతకంటే చిక్కైనది. ‘నిన్న ఆ సినిమా చూశాను’, ‘ఆ సినిమా నేను ఇదివరకే చూశాను’ అనే రెండు వాక్యాల్లోనూ మన క్రియ మారదు. ఇంగ్లిషులో మొదటిది ‘సా’, రెండోది ‘హావ్ సీన్’. నిన్న అనో, పోయినేడు అనో ముగిసిన కాలాన్ని పేర్కొన్న వాక్యంలో ‘హావ్ సీన్’ ఇమడదు. నా తొలి కథలో ‘మై ఫాదర్ హాజ్ డైడ్ ఇన్ 1998’ అని రాస్తే, ఒక సంపాదకుడు దాని కింద ఎర్రగీత గీసి, కారణమేమీ చెప్పకుండా తిప్పి పంపారు. ఆ కారణం తెలియడానికి నాకు చాలా కాలం పట్టింది కనుకనే ఇంత వివరంగా రాస్తున్నాను. క్రియ రాసే ముందు, ఆ కాలం ముగిసిందా, ఇంకా సాగుతోందా అని ఒక్కసారి ఆలోచించు. (‘హావ్ యూ ఈటెన్ ఆల్రెడీ’కి బదులు ‘డిడ్ యూ ఈట్ ఆల్రెడీ’ అని అమెరికన్లు అనడం నువ్వు వినే ఉంటావు, అది వారి వాడుక, తప్పు కాదు.)

మాటల్లో నన్ను ఎక్కువగా బాధించినది ‘లూజు’. చొక్కా లూజుగా ఉందని మనం పలికే ఆ ‘జ్’ ధ్వని, నిజానికి పోగొట్టుకోవడం అనే అర్థమున్న మాటది. వదులు అనే అర్థమున్న మాట చివర ‘స్’ పలుకుతుంది, రాతలో రెండు ‘ఓ’లు ఉంటాయి. నువ్వు రెండు చోట్లా ఒకటే రాశావు.

ఇక పొరుగావిడ గిన్నెడు బియ్యం బదులడిగే చోట ‘బారో మీ’ అని ఉంది. మనకు అడిగినా బదులే, ఇచ్చినా బదులే. ఇంగ్లిషులో ఇచ్చేవారిది ‘లెండ్’, తీసుకునేవారిది ‘బారో’. అక్కడ ‘లెండ్ మీ’ అని దిద్దు. ఆ సంభాషణలో ఇంకొక్క మాట కూడా మార్చకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు