నాలా అయితే సరిపోతుందా? ప్లాటు, రోడ్డు, చెరువుపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: బీబీనగర్ దగ్గర 200 గజాల ప్లాటు చూశాం. మాస్టర్ ప్లాన్‌లో అది కన్జర్వేషన్ జోన్ అని ఒకరన్నారు. వెంచర్‌వాళ్లేమో నాలా అయిపోయింది, భయం లేదంటున్నారు. కొనొచ్చా?

జవాబు: కొనకండి. నాలా అంటే వ్యవసాయ భూమిని వ్యవసాయేతరంగా మార్చినట్టు రెవెన్యూ శాఖ రాసుకోవడం, అంతే. ఆ నేలమీద ఏం కట్టొచ్చో చెప్పేది హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) ప్రణాళిక, అంటే మాస్టర్ ప్లాన్. రోడ్లు, పార్కుతో ప్లాట్లుగా విడగొట్టే అనుమతి మూడోది. ఈ మూడూ వేర్వేరు కాగితాలు. ఒకటి చూపించి మిగతా రెండూ ఉన్నట్టు మాట్లాడటం వెంచర్లలో మామూలే. కన్జర్వేషన్ జోన్ అంటే ప్రధానంగా సాగు, పాడి, కోళ్ల ఫారాల వంటి వాటికే. పంచాయతీ ముద్రతో వచ్చిన లేఅవుట్ అక్కడ చెల్లదు. గుంటల లెక్కన ఫార్మ్ ప్లాటుగా అమ్మినా (గుంటకు 121 గజాలు) ఇంటి అనుమతి రాదు.

మీరు చేయాల్సింది: సబ్ డివిజన్‌తో సహా సర్వే నంబరు తీసుకుని, హెచ్‌ఎండీఏకు భూ వినియోగ ధ్రువపత్రం కోసం మీరే దరఖాస్తు పెట్టండి. బ్రోచర్‌లోని రంగుల మ్యాపు చూసి నిర్ణయించుకోవద్దు. హైదరాబాద్ చుట్టూ ఉన్నది ఒక్క ప్లాన్ కాదు. 2013లో నోటిఫై అయిన 2031 ప్రణాళికతోపాటు విమానాశ్రయం చుట్టుపక్కలకు, సైబరాబాద్‌కు, ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) గ్రోత్ కారిడార్‌కు విడివిడి ప్లాన్లున్నాయి. తప్పు ప్లాన్‌లో వెతికి 'రెసిడెన్షియలే' అనుకున్నవాళ్లు చాలామంది.

జోన్ సరిగ్గా ఉంటే ఎల్పీ నంబరు (లేఅవుట్ అనుమతి సంఖ్య) అడగండి. అది డ్రాఫ్టా, ఫైనలా? డ్రాఫ్ట్ దశలో రోడ్లు, డ్రెయిన్లు పూర్తయ్యేదాకా 15 శాతం ప్లాట్ల విస్తీర్ణం హెచ్‌ఎండీఏకు తనఖాలో ఉంటుంది. మీ ప్లాటు ఆ తనఖాలోది కాదని ఈసీలో (ఆస్తిపై తనఖాలు, లావాదేవీలు చూపే ధ్రువపత్రం) చూసుకోండి. ఎల్‌ఆర్‌ఎస్‌లో (అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధీకరించే పథకం) సర్దుకోవచ్చు అంటే నమ్మొద్దు. ఆ పథకం 2020 ఆగస్టు 26 నాటికే ఉన్నవాటికి మాత్రమే. కొత్తగా వేసిన వెంచర్‌కు అది దారి కాదు.

ప్రశ్న: మాది పక్కా పట్టా. చెరువు పక్కన ఉందని ఇంటికి అనుమతి ఇవ్వలేదు. పట్టా ఉంటే సరిపోదా?

జవాబు: సరిపోదు. శిఖంలోనూ (చెరువు నీళ్లు నిలిచే నేల) పట్టా భూములుంటాయి. హక్కు మీదే, కట్టుకునే వీలు మాత్రం లేదు. 2012 భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు (సుమారు 25 ఎకరాలు), అంతకుమించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం) హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు వదలాలి. కొలత ఎఫ్‌టీఎల్ నుంచే. వేసవిలో నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో చూసి టేపు పట్టుకుంటే లాభం లేదు.

ప్రశ్న: 30 x 60 అడుగుల ప్లాటు మాది. ముందున్న 40 అడుగుల రోడ్డును మాస్టర్ ప్లాన్‌లో 80 అడుగులుగా చూపించారు. ఎంత పోతుంది, ఏమిస్తారు?

జవాబు: రెండువైపులా సమంగా పెంచితే రోడ్డు మధ్యగీత నుంచి 40 అడుగులు కొలుస్తారు. అంటే మీవైపు 20 అడుగులు. 30 x 20 చొప్పున 600 చదరపు అడుగులు, సుమారు 67 గజాలు పోయి 133 గజాలు మిగులుతాయి. పాత ప్రహరీ నుంచి కొలవకండి. అది ఇప్పటికే రోడ్డులోకి జరిగి ఉండొచ్చు. ముందు సెట్‌బ్యాక్ (ఇంటిముందు వదలాల్సిన ఖాళీ) కూడా కొత్త హద్దు నుంచే లెక్క, కాబట్టి ప్లాను గీయించకముందే ఈ కోత తేల్చుకోండి.

హైదరాబాద్ నగరంలో 2017 నాటి నిబంధనల కింద రోడ్డుకిచ్చిన స్థలానికి 400 శాతం టీడీఆర్ (బదిలీ చేసుకోగల నిర్మాణ హక్కు) ఇస్తారు. దాన్ని అదనపు నిర్మాణానికి వాడుకోవచ్చు, అమ్ముకోనూవచ్చు. చిక్కు ఎక్కడంటే, ఆ భాగాన్ని ఏ అప్పూ లేకుండా రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్‌తో అప్పగించాలి. ప్లాటు బ్యాంకు తనఖాలో ఉంటే ముందు వాళ్ల దగ్గర ఆ భాగం విడిపించుకోవాలి. నెలలు పోయేది ఇక్కడే.

ప్రశ్న: గజ్వేల్ వైపు మా పొలం రీజనల్ రింగ్ రోడ్డు 3ఏ గెజిట్‌లో వచ్చింది. ఇప్పుడేం చేయాలి?

జవాబు: 3ఏ అంటే రోడ్డుకు మీ భూమి తీసుకోవాలనుకుంటున్నట్టు కేంద్రం ఇచ్చే తొలి ప్రకటన. ముందు దాని తేదీ చూడండి. జాతీయ రహదారుల చట్టం 3సీ కింద అభ్యంతరానికి 21 రోజులే గడువు. రాతపూర్వకంగా, గెజిట్‌లో పేర్కొన్న అధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి. ఇది భూమి తీసుకోవడంపై అభ్యంతరం. ధర గొడవ ఇక్కడ తేలదు. ఆ తర్వాత 3డీ ప్రకటన వస్తే భూమి కేంద్రానిదవుతుంది. 3ఏ వచ్చిన ఏడాదిలోగా 3డీ రాకపోతే ఆ నోటిఫికేషన్ చెల్లదు. కోర్టు స్టే ఉన్న కాలాన్ని మాత్రం ఈ ఏడాదిలో లెక్కించరు.

పరిహారానికి మార్కెట్ విలువ 3ఏ ప్రకటన తేదీనాటిదే. గెజిట్ వచ్చాక పక్క పొలం ఎక్కువ ధరకు రిజిస్టరైనా మీ లెక్కకు పనికిరాదు. కొలతల రోజు పొలంలోనే ఉండి బోరు, మోటారు, పైపులైను, చెట్లు ఒక్కొక్కటీ పంచనామాలో రాయించండి. రాయనిదానికి రూపాయి రాదు. అవార్డు (ఖరారు చేసిన పరిహారం) తక్కువనిపిస్తే 3జీ(5) కింద ఆర్బిట్రేటర్ (మధ్యవర్తి) దగ్గరకు వెళ్లొచ్చు.