బండిలో పడుకునే రాత్రుల గురించి బుజ్జికి

జయపురం

చిరంజీవి బుజ్జికి, మావయ్య ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్ చేసి అన్నీ చెప్పింది. సెకండ్ హ్యాండ్‌లో టెంపో ట్రావెలర్ కొన్నారట, సీట్లు పీకేసి మంచాలు, పొయ్యి, సింకు బిగిస్తున్నారట. జనవరిలో బరంపురం నుంచి తప్తపాణి, రాయగడ, లక్ష్మీపురం మీదుగా కోరాపుట్ వచ్చి దేవమాలి కొండ దగ్గర బండిలోనే రాత్రుళ్లు ఉంటారట. పాపనీ, మీ అమ్మనీ కూడా తీసుకొస్తున్నారట. చాలా సంతోషం వేసిందే. మన ఇంట్లో బండి అంటే సరుకు మొయ్యడానికీ కిరాయికి తిప్పడానికీ. లోకం చూడ్డానికని బండి కొన్నది నువ్వే మొదలు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో ఫోన్లో చెప్తే నువ్వు మధ్యలోనే "సరే మావయ్యా" అనేస్తావు. అందుకే రాస్తున్నాను, చివరిదాకా చదువు.

ముందు మామూలు సంగతులు. సీట్లు తీసి మంచాలు పెట్టారంటే బండి రూపు మారినట్టే. అది ఆర్టీవో దగ్గర ఆర్సీలో ఎక్కించండి, లేకపోతే రేపు ఏదైనా అయితే ఇన్సూరెన్స్ దగ్గర పేచీ వస్తుంది. వంద లీటర్ల నీళ్లంటే వంద కిలోల బరువు, ట్యాంకు కిందనే పెట్టించండి. ఏ గేరులో ఘాటీ (కొండదారి) ఎక్కారో ఆ గేరులోనే దిగాలి. డీజిల్ కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదిలితే బ్రేకులు కాలిపోయి పట్టవు. అల్లుడు గారికి తెలిసే ఉంటుంది, అయినా నేను అన్నానని చెప్పు. ఏటి ఒడ్డు ఎంత అందంగా ఉన్నా రాత్రికి బండి అక్కడ ఆపొద్దు. 2017 జూలైలో నాగావళి, కల్యాణి పొంగితే రాయగడ వైపు వంతెనలే కొట్టుకుపోయాయి. పరజా, గదబ గిరిజనుల ఊళ్ల పక్కన ఆగితే ముందు ఊరిపెద్దని అడగండి. దేవమాలి పైన రాత్రి ఉండొచ్చో లేదో కింద సిమిలిగుడలోనే కనుక్కోండి.

ఇక నా నిద్ర చెడగొట్టిన సంగతి. నువ్వు అప్పటికి ఇంకా నడవడం లేదు. 1989 సంక్రాంతి వెళ్లిన వారం. సాలూరులో పెళ్లికని మీ నాన్న, అమ్మ నిన్ను తీసుకుని మెటడోర్‌లో బయల్దేరారు. మీ నాన్న ఆ బండిలోనే బట్టల మూటలు వేసుకుని కుందులి సంతకీ మిగతా సంతలకీ తిరిగేవాడు, రాత్రుళ్లు అందులోనే పడుకునేవాడు. ఆ బండి ఆయనకి ఇల్లే. నేను లారీలో లోడుతో వెనకే వస్తున్నాను. పొట్టంగి చేరేసరికి మంచు కమ్మేసింది, ముందున్న బండి లైటు కూడా కనపడటం లేదు. ఆ మంచులో సుంకి ఘాటీ దిగడం మంచిది కాదని ఇద్దరం రోడ్డు పక్కన ఆపేశాం. అక్కడ పాక హోటల్లో అన్నం, గుడ్లకూర తిన్నాం.

ఆ చలి నీకు తెలియదు. బరంపురంలో జనవరి అంటే స్వెట్టరు వేసుకుంటే చాలు. పొట్టంగిలో ఒళ్లు కొంకర్లు పోతుంది. నీకు జలుబు, ఒకటే ఏడుపు. మీ నాన్న హోటల్ పొయ్యిలోంచి బొగ్గులు అడిగి ఇనప కుంపటి నిండా తెచ్చాడు. బండి మధ్యలో పెట్టి తలుపులు వేసేశాడు. కిటికీ సందుల్లోంచి చలిగాలి వస్తోందని గోనెసంచులు కుక్కాడు. పొగ లేదు, బొగ్గు ఎర్రగా కణకణలాడుతోంది, బండంతా వెచ్చగా ఉంది. పిల్ల పడుకుందిలే అని వాళ్లూ పడుకున్నారు.

తెల్లవారుజామున మీ అమ్మ వాంతి వచ్చి లేచింది. లేచిందంటే పాకింది. ఎలా తీసిందో వెనక తలుపు తీసి రోడ్డు మీద పడింది. ఆ చప్పుడుకి నేను లారీ దిగి వచ్చాను. మీ నాన్నని పిలిస్తే పలకడు, కుదిపితే కళ్లు తెరుస్తాడు, మళ్లీ మూస్తాడు. నువ్వు వేలాడిపోతున్నావు. నిన్ను ముందు బయటికి తీశాను. ఆ చల్లగాలికి నువ్వు గుక్కపట్టి ఏడ్చేదాకా నా గుండె నా దగ్గర లేదు. మీ నాన్న తల పట్టుకుని మధ్యాహ్నం దాకా రోడ్డు పక్కనే కూర్చుండిపోయాడు.

మేమంతా ఏమనుకున్నామో తెలుసా? గుడ్లకూర చెడిపోయిందనుకున్నాం. అదే కూర నేనూ తిన్నాను, నాకేం కాలేదు, అది ఎవరికీ తట్టలేదు. మీ నాన్న ఆ హోటల్ ముసలాయన్ని నానా మాటలూ అన్నాడు. ఆయన చేతులు జోడించి, నా కూరలో ఏం లేదు బాబూ అంటూనే ఉన్నాడు. కొన్నేళ్ల తర్వాత కోరాపుట్‌లో ఒక డాక్టరు గారితో మాటల్లో ఈ సంగతి వస్తే ఆయన చెప్పాడు, అది కూర కాదు, బొగ్గు విషం అని. కార్బన్ మోనాక్సైడ్. రంగుండదు, వాసనుండదు. రక్తంలో ఆక్సిజన్ పట్టాల్సిన చోటును ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా బలంగా పట్టేసుకుంటుంది. నిద్రలో ఉన్నవాడికి తెలియనే తెలియదు. మీ నాన్న ఆ మాట విని ఇంటికొచ్చి కుంపటి పెరట్లో పాతేశాడు. హోటల్ ముసలాయన్ని వెతుక్కుంటూ పొట్టంగి వెళ్లాడు కూడా. అప్పటికి అక్కడ పాక లేదు. ఇదంతా నీకు చెప్పొద్దని మీ అమ్మ నా దగ్గర మాట తీసుకుంది. ఇప్పుడు నువ్వే పాపతో, అదే నెలలో, అదే కొండల్లోకి వస్తున్నావు. ఆ మాట నేను నిలబెట్టుకోలేను.

అందుకని గట్టిగా చెప్తున్నాను. పడుకునే బండిలో నిప్పు వద్దు. కుంపటి వద్దు, బార్బెక్యూ బొగ్గు ఆరిపోయిందని లోపలికి తేవొద్దు, వెచ్చదనం కోసం గ్యాస్ పొయ్యి వెలిగించి వదలొద్దు, హీటర్ కోసం ఇంజను ఆన్‌లో ఉంచి పడుకోవద్దు. కిటికీ కొంచెం తెరిచాం కదా, ఏం కాదులే అనుకోవద్దు, కుంపటికి ఆ సందు చాలదు. వంట చేసేటప్పుడు కిటికీలు తెరిచి ఫ్యాన్ వేసుకోండి, అయ్యాక గ్యాస్ సిలిండర్ దగ్గరే ఆపేయండి. ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండర్ మాత్రం బండిలో పెట్టకండి. చిన్నదైనా సరే మనుషులుండే చోటికి సంబంధం లేని పెట్టెలో పెట్టి, ఆ పెట్టె అడుగున బయటికి కన్నం ఉంచండి. గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే కిందకే దిగుతుంది. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి ఆన్‌లైన్లో కొని మంచాల దగ్గర బిగించండి. పొగ అలారం వేరు, ఇది వేరు. ఈ అలారం మోగినా, బండిలో అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం వచ్చినా, తిండి సంగతి తర్వాత చూడొచ్చు, ముందు దిగిపోండి. డాక్టరుకి మూసిన బండిలో నిప్పుందని చెప్పండి. కరోనా టైమ్‌లో కొన్న, వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే మిషన్ ఈ విషానికి కూడా అంతా బాగుందనే చూపిస్తుంది, దాన్ని చూసి ధైర్యం తెచ్చుకోకండి.

కిటికీలు ఎందుకు మూస్తారో నాకు తెలుసు, దోమలకి. మా వైపు మలేరియా పాతకాలం నుంచీ ఉన్నదే, నువ్వూ చిన్నప్పుడు పడ్డావు. అందుకే కిటికీలకీ పైన గాలి కన్నానికీ సన్న జాలీ కొట్టించు, పాపకి విడిగా దోమతెర కట్టు. చలికి రెండేసి రగ్గులు, ఊలు టోపీలు, వేడినీళ్ల రబ్బరు సంచి చాలు. దేవమాలి 1672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తు. గాలి ఊరుకోదు, ఆ గాలి లోపలికి రానివ్వండి.

మీరిద్దరే అయితే ఏ చెట్టు కిందైనా పడుకుంటారు, ఇంత రాయక్కర్లేదు. పెళ్లయిన కొత్తలో అంతే. మూడేళ్ల పిల్ల ఉంటే రోజుకి నూట యాభై కిలోమీటర్లు దాటకండి, చీకటి పడక ముందే ఆగండి. మీ అమ్మ వయసులో లెక్క ఇంకోలా ఉంటుంది. ఆమె మోకాళ్లకి ట్రావెలర్ మెట్టు ఎత్తు, ఇంకో మెట్టు వేయించు, పట్టుకోడానికి కడ్డీ పెట్టించు. ఆమెకి కింది మంచం, అదీ తలుపు పక్కన. రాత్రి లేస్తుంది, అడగడానికి మొహమాటపడి నీళ్లు తాగడం మానేస్తుంది, నాకు తెలుసు నా చెల్లి సంగతి. లోపలే పోర్టబుల్ కమోడ్ పెట్టండి. వీడియోలో అందంగా కనపడే షెల్ఫులు తర్వాత చేయించుకోవచ్చు. పాప పెద్దదయ్యాక ఈ బండి లోపలంతా ఎలాగూ మళ్లీ మారుస్తారు.

రిటైరయ్యాక తిరుగుదాం అని నాతో అన్న డ్రైవర్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో కొందరు ఇప్పుడు వీధి చివరి దాకా నడవలేరు. నువ్వు ఈ వయసులో, అమ్మ నడవగలిగినప్పుడే బయల్దేరావు, అందుకే వద్దని అనలేదు. మీ నాన్న ఉంటే స్టీరింగ్ నీకిచ్చేవాడు కాదు, ఆయనే నడిపేవాడు.

కొండకి నేరుగా వెళ్లొద్దు. ముందు జయపురం వచ్చి బండి మన షెడ్డులో పెట్టండి. ఒక రాత్రి అక్కడే, బండిలోనే పడుకోండి, నేను బయట మంచం వేసుకుంటాను. గ్యాస్ పెట్టె, జాలీలు, సైలెన్సర్ పైపు నేనూ మా మెకానిక్ కలిసి చూస్తాం. ఏమైనా బాగు చేయాలంటే ఇంకో రోజు పడుతుంది, సెలవు దానికి తగ్గట్టు పెట్టుకోమని అల్లుడు గారితో చెప్పు. అలారం ఆర్డర్ పెట్టాక నాకు ఫోన్ చెయ్యి.

మావయ్య