కొటియా ఊళ్లు ఆంధ్రావా, ఒడిశావా?

సింపుల్‌గా చెప్పాలంటే ఇద్దరూ మావే అంటున్నారు. సాలూరు పైన తూర్పు కనుమల్లో, ఇటు మన పార్వతీపురం మన్యం జిల్లాకీ అటు కోరాపుట్‌కీ మధ్య కొండల మీద ఉంటాయి, గొడవున్నవి 21 ఊళ్లు. 1968లోనే ఒడిశా సుప్రీంకోర్టుకెళ్తే, చివరికి 2006లో కోర్టు ఇది మా పరిధి కాదు, ఎక్కడిదక్కడే ఉంచండి అని కేసు కొట్టేసింది, సరిహద్దు మాత్రం తేలలేదు. 2021లో ఆంధ్రా అక్కడ పంచాయతీ ఎలక్షన్లు పెట్టేసరికి ఒడిశా మళ్లీ కోర్టుకెక్కింది.

ఉండేది ఎక్కువగా కోంధ్ గిరిజనులు, ఇంట్లో కువి మాట్లాడతారు, సంతకి సాలూరు దిగితే తెలుగు. తమాషా ఏంటంటే చాలామందికి రెండు రాష్ట్రాల రేషన్ కార్డులూ, ఓటరు కార్డులూ ఉన్నాయి, పథకాలు కూడా రెండు వైపులా వస్తాయి (వాళ్లని తప్పుపట్టడానికేం లేదు, దశాబ్దాలు రోడ్డు కూడా వేయలేదుగా ఎవరూ).